కన్యాశుల్కానికి ఆంగ్ల పర్యాయపదాలు: అర్థచ్ఛాయలు, ఎంపిక

తెలుగు సాంఘిక నాటకాల్లో వివాహ సంబంధమైన ఇచ్చిపుచ్చుకోళ్ల గురించి పరిశోధన చేస్తున్న నాకు, ఒక అధ్యాయానికి ఆంగ్లంలో సంగ్రహం రాయవలసి వచ్చింది. ‘కన్యాశుల్కం’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా ‘బ్రైడ్ ప్రైస్’ అని రాసి పంపాను. దాన్ని పరిశీలించినవారిలో ఒకరు ఆ మాట కొట్టివేసి ‘డౌరీ’ అని దిద్దారు. మానవశాస్త్రంతో పరిచయమున్న మరొకరు ‘డౌరీ’ పొరపాటే గాని ‘బ్రైడ్ ప్రైస్’ కూడా తగదనీ, ఆడపిల్లకు వెల కట్టినట్లుంటుంది గనుక ‘బ్రైడ్ వెల్త్’ అనాలనీ పుట అంచున రాశారు. ఆడపిల్లకు వెల కట్టడం గురించే కదా నేను రాసింది అనిపించింది. అయినా ఆ వ్యాఖ్యను తోసిపుచ్చలేకపోయాను. దాని వెనక తొంభై ఏళ్లు దాటిన శాస్త్రచర్చ ఉందని కొద్దిరోజుల్లోనే తెలిసింది.

పర్యాయపదాల మధ్య అర్థభేదాన్ని మనం సాధారణంగా గాఢత, సందర్భం, మర్యాద అనే కొలతలతో చెబుతుంటాం. ‘చచ్చాడు, చనిపోయాడు, పరమపదించాడు’ అన్నవాటి తేడా చెప్పడానికి ఆ కొలతలు చాలు. ‘బ్రైడ్ ప్రైస్, బ్రైడ్ వెల్త్, డౌరీ, సేల్’ అన్న మాటల దగ్గర అవి చాలవు. సొమ్ము ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందన్నది ఒక ప్రశ్న. ఆ పోకకు పేరు పెట్టి పిలుస్తున్నది ఎవరన్నది మరో ప్రశ్న. ఈ మాటల మధ్య తేడా అంతా ఈ రెండు ప్రశ్నల్లో ఉంది. మొదటిదానికి నిఘంటువు కొంతవరకు జవాబు చెబుతుంది. రెండోదానికి చెప్పదు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకాన్నీ, దానికి ఆంగ్లంలో వచ్చిన పేరునూ ఆధారంగా తీసుకొని ఈ రెండో ప్రశ్నను చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

మూలపదం నిలకడ

ఆంగ్లంలో సరైన మాటను వెతికే ముందు, మన ‘శుల్కం’ ఏ అర్థంలో నిలకడగా ఉందో చూడాలి. అమరకోశం రేవు మొదలైన చోట్ల చెల్లించవలసిన పైకాన్ని శుల్కమంటుంది. ఒక గట్టు నుంచి మరో గట్టుకు దాటడానికి కట్టేది అన్నమాట. దీని తద్భవమైన ‘సుంకం’ తెలుగులో ఆ పాత అర్థాన్నే నిలుపుకొంది. సంతలో వసూలు చేసేది సుంకం, సరిహద్దులో వసూలు చేసేది సుంకం. ఒకే మాటకు రెండు రూపాలుండగా తత్సమం పెళ్లిపందిట్లోకి వెళ్లింది, తద్భవం సంతలో ఉండిపోయింది. ‘కన్యాసుంకం’ అని ఎవరైనా అని ఉంటే అందులోని లావాదేవీ చెవికి తగిలేది. తత్సమానికున్న గౌరవం ఆ చప్పుడును అణచివేసింది. మన అనువాద చర్చల్లో సంస్కృతపదాన్ని ‘అసలు అర్థం’గానూ తెలుగుపదాన్ని దాని నీడగానూ చూసే అలవాటుంది. ఇక్కడ మాత్రం తెలుగు రూపమే నిజాయితీగా ఉంది.

వాల్మీకి రామాయణంలో సీత ‘వీర్యశుల్క’. అక్కడ ధనం ప్రసక్తే లేదు. పరాక్రమమే శుల్కం. సంస్కృతంలో వేశ్యకు చెల్లించే సొమ్మునూ శుల్కమనే వ్యవహారం ఉంది. జనకుని సభలో విల్లెత్తడం నుంచి వెలయాలికిచ్చే పైకం దాకా పరచుకొన్న మాట ఇది. ఈ మాట ఒక వస్తువుకు పేరు కాదనీ, ఒక స్త్రీని చేరుకోవడానికి తీర్చవలసిన షరతుకు పేరనీ దీన్నిబట్టి ఊహించవచ్చు. ఆ షరతు ఏమిటి, దాన్ని విధించిందెవరు, దానివల్ల లాభపడిందెవరు అన్నవి సందర్భాన్నిబట్టి మారుతూ పోతాయి.

ధర్మశాస్త్రాల్లో ఈ మార్పు మరీ స్పష్టం. మనుస్మృతి మూడో అధ్యాయం కూతురిని ఇచ్చేటప్పుడు తండ్రి అణుమాత్రం శుల్కమైనా తీసుకోరాదంటుంది. లోభంతో తీసుకుంటే అతను సంతానాన్ని అమ్ముకున్నవాడవుతాడు. ఆర్షవివాహంలో వరుడిచ్చే ఆవు-ఎద్దు జంటను కొందరు శుల్కమంటారనీ, ఆ మాట సరికాదనీ, కొంచెమైనా ఎక్కువైనా అది విక్రయమేననీ చెబుతుంది. ఆ వెంటనే మరో మెలిక పెడుతుంది. జ్ఞాతులు ఆ సొమ్ము తాము తీసుకోకపోతే అది విక్రయం కాదు, కన్యకు చేసిన ‘అర్హణం’, అంటే గౌరవం. తొమ్మిదో అధ్యాయంలో శుల్కం తీసుకోవడమంటే కూతురి విక్రయాన్ని మరుగుపరచడమేనన్న మాట మళ్లీ వస్తుంది. స్మృతి నిర్దేశించిన న్యాయాన్ని సమర్థించడానికి దీన్ని తలచుకోవడం లేదు. శుల్కం, విక్రయం, అర్హణం అన్న మూడు మాటల మధ్య అది గీసిన గీతల కోసం తలచుకుంటున్నాను. ఇచ్చిన వస్తువు ఒకటే. పుచ్చుకున్నవారినిబట్టి, పేరు పెట్టినవారినిబట్టి మాట మారింది. యాజ్ఞవల్క్యస్మృతి మరో అడుగు వేసి శుల్కాన్ని స్త్రీధనం రకాల్లో చేర్చింది. ఆ లెక్కన ఆ సొమ్ము ఆమెదే కావాలి. అది నిజంగా ఆమెకు చేరిందా లేదా అన్నది స్మృతి చెప్పగలిగే విషయం కాదు.

ఇక ‘ఓలి’. శుల్కానికి తెలుగులో ఉన్న సొంత మాట. అనేక కులాల్లో పెళ్లికొడుకువారు పిల్లవారికి ఇచ్చే సొమ్ముకు ఇది పేరు. మన విమర్శలో ‘కన్యాశుల్కం’ అనగానే అగ్రహారం గుర్తుకు రావడం వల్ల ఈ మాట పక్కకు పోయింది. దీన్ని జాగ్రత్తగా వాడుకొన్నది తెలుగు బైబిలు అనువాదకులు. ఆదికాండం 34వ అధ్యాయంలో షెకెము దీనాను పెళ్లాడటానికి ఏమడిగినా ఇస్తానంటాడు. హీబ్రూలో అక్కడున్న మాట ‘మోహర్’, వరుడు వధువు తండ్రికిచ్చే సొమ్ము. 1611 నాటి కింగ్ జేమ్స్ ఆంగ్లానువాదం దాన్ని ‘డౌరీ’ అని రాసింది. తెలుగు బైబిలులో ‘ఓలి’ అని ఉంది. ఇటీవలి ఆంగ్లానువాదాలు కొన్ని ‘డౌరీ’ని తీసి ‘బ్రైడ్ ప్రైస్’ పెట్టాయి. ఆంగ్లం తర్వాత దిద్దుకోవలసి వచ్చినదాన్ని తెలుగు ముందే సరిగా చెప్పగలిగింది. కారణం సులువు. చెప్పేవారికీ వినేవారికీ ఓలి ఊళ్లో ఉన్న ఆచారం.

ఆంగ్లపదాల నడక

‘డౌరీ’ సంగతి ఇక్కడే తేల్చుకోవచ్చు. నేటి ఆంగ్లంలో ఈ మాటకు వధువు వెంట వచ్చే ధనమనే అర్థం. దీని జంటపదం ‘డవర్’ ఆంగ్లేయుల న్యాయభాషలో భర్త ఆస్తిలో వితంతువుకు దక్కే భాగం. మన దేశంలో ఇస్లామీయ వివాహంలోని మహర్‌కు కూడా న్యాయస్థానాలు అదే మాట వాడాయి. సంగ్రహాన్ని దిద్దినవారు ‘డౌరీ’ అన్నప్పుడు దిక్కు తారుమారయింది. సుబ్బికి కట్నమిచ్చి పంపినట్లయింది. అయితే ఆ దిద్దుబాటుకు చట్టంలో ఒక ఆధారం దొరుకుతుందని చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1961 నాటి చట్టం ‘డౌరీ’ని నిర్వచిస్తూ, వివాహంలో ఒక పక్షంవారు గాని వారి తల్లిదండ్రులు గాని రెండో పక్షానికి లేదా మరెవరికైనా ఇచ్చే ఆస్తి అంటుంది. పక్షం ఏదన్నది చెప్పలేదు. మహర్‌ను మాత్రం మినహాయించింది. ఈ నిర్వచనం ప్రకారం అగ్నిహోత్రావధానులు పుచ్చుకునే సొమ్ము కూడా ‘డౌరీ’యే. మనం మాత్రం ఆ చట్టాన్ని ‘వరకట్న నిషేధ చట్టం’ అని పిలుచుకున్నాం. ‘వర’ అన్న రెండక్షరాలు చేరేసరికి చట్టం పరిధి సగానికి తగ్గినట్లు కనిపిస్తుంది. ఆంగ్లపదానికి పర్యాయపదం ఎంచుకోవడంలో జరిగిన సవరణ అది. చట్టాన్ని తెలుగులో మాత్రమే ఎరిగినవారికి కన్యాశుల్కం దాని కిందికి వస్తుందన్న ఊహ కూడా తట్టదు. ఆడపిల్లలు దొరకని చోట వరుని పక్షంవారు ఇచ్చే సొమ్మును ఇప్పుడు ‘ఎదురుకట్నం’ అంటున్నారు. శుల్కానికి అది కొత్త పేరే. కట్నమే సహజమనీ, ఇది దానికి ఎదురు నడక అనీ ఆ మాట ఒప్పేసుకుంటోంది.

‘ప్రైస్’ అన్న మాటకు ఒక కుటుంబం ఉంది. ఆంగ్లంలో వెల అని అర్థమిచ్చే ‘ప్రైస్’, బహుమతి అని అర్థమిచ్చే ‘ప్రైజ్’, పొగడ్త అని అర్థమిచ్చే ‘ప్రెయిజ్’ ఈ మూడూ లాటిన్ ‘ప్రెటియం’ నుంచే పుట్టాయి. వీర్యశుల్కకు ఈ కుటుంబంలోని రెండో మాట నప్పుతుంది, సుబ్బికి మొదటిది నప్పుతుంది. ‘సెల్’ అన్న క్రియ మరింత విడ్డూరం. ప్రాచీన ఆంగ్లంలో దాని అర్థం ఇవ్వడం, అప్పగించడం. అమ్మడమన్న అర్థం తర్వాత స్థిరపడింది. మనవాళ్లు దానమన్న పేరుతో అమ్మకం సాగించారు. ఆంగ్లంలో ఇవ్వడమన్న మాటే క్రమంగా అమ్మకమయింది. వ్యుత్పత్తిని అర్థానికి సాక్ష్యంగా తీసుకోరాదని భాషాశాస్త్రం చెబుతుంది. నిజమే. మాట ఎక్కడి నుంచి బయలుదేరి ఎక్కడికి చేరిందో తెలుసుకోవడానికి మాత్రం అది పనికివస్తుంది.

‘బ్రైడ్ వెల్త్’ అలా సహజంగా నడిచి వచ్చిన మాట కాదు. వాదించి నిలబెట్టినది. ఆఫ్రికా సమాజాల్లో వరుని బంధువులు వధువు బంధువులకు పశువులను, ఇతర సంపదను ఇచ్చే ఆచారాన్ని ‘బ్రైడ్ ప్రైస్’ అనడం మీద 1931లో ఇవాన్స్-ప్రిచర్డ్ ‘మ్యాన్’ పత్రికలో అభ్యంతరం చెప్పి ‘బ్రైడ్ వెల్త్’ అన్న మాటను ప్రతిపాదించాడు. ‘ప్రైస్’ అనగానే అధికారులూ మతబోధకులూ భార్యను కొనుక్కోవడమని అర్థం చేసుకుంటారు. ఆ అపార్థం మీద ఒక జాతి ఆచారాలన్నింటినీ దోషులుగా నిలబెట్టడం సులభమవుతుంది. అక్కడ పశువులు చేతులు మారడమంటే రెండు బంధువర్గాల మధ్య ఏళ్ల తరబడి నిలిచే ముడి పడటం. పిల్లలు ఏ వంశానికి చెందుతారన్నది కూడా దానితోనే తేలుతుంది. అలాంటిదాన్ని కొనుగోలు అనడం అన్యాయమే. కొత్త మాట మానవశాస్త్రంలో నిలిచిపోయింది. 1973లో జాక్ గూడీ, తంబయ్య కలిసి వెలువరించిన పుస్తకానికి ‘బ్రైడ్ వెల్త్ అండ్ డౌరీ’ అనే పేరు పెట్టారు. పుట అంచున వ్యాఖ్య రాసినవారు ఈ సంప్రదాయంలో నిలబడి మాట్లాడారు. వారు సంస్కారంతోనే రాశారు.

ఆ సంస్కారం ఎవరి పక్షాన పుట్టిందో మరచిపోరాదు. బయటినుంచి వచ్చిన పాలకుడు తెలియక నింద మోపితే, ఆ నింద నుంచి లోపలివారిని కాపాడటానికి ‘వెల్త్’ పుట్టింది. ‘కన్యాశుల్కం’లో నింద మోపుతున్నవాడు బయటివాడు కాడు. విజయనగరంలో కూర్చొని తన చుట్టూ ఉన్న కుటుంబాల గురించి రాసిన మనిషి. లోపలివాడే వెల అంటుంటే, శాస్త్రమర్యాద కోసం దాన్ని సంపద అని దిద్దడం ఎవరిని కాపాడుతుంది?

నాటకం, దాని పేరు

‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది. బాగా మార్చి పెంచిన రెండో కూర్పు 1909లో వచ్చింది. మొదటి కూర్పుకు గురజాడ పీఠికను ఆంగ్లంలో రాశారు. తన తెలుగు మాటకు ఆంగ్ల పర్యాయపదాన్ని ఎంచుకోవలసిన పని మొదట ఆయన మీదే పడిందని దీన్నిబట్టి గ్రహించాలి. విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కవివాహాల లెక్కను మహారాజా ఆనందగజపతి తీయించారనీ, అవి 1034 అనీ ఆ పీఠిక చెబుతుంది. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది నిండినవారు ముగ్గురు. ఆ ముగ్గురు పసికందుల దగ్గర ఆయన వాడిన మాట ‘ప్రైస్’. 350 నుంచి 400 రూపాయలు, అదీ తలకు ఇంత చొప్పున. తలల లెక్క ఆంగ్లంలో పశువుల సంతకు అలవాటైనది. సంఖ్యలన్నీ మామూలు నివేదిక ధోరణిలో నడిచి, చివర ఈ ఒక్క మాట దగ్గర ఆయన కోపం బయటపడింది. ఆఫ్రికా సమాజాల పశువులు సంపదగా గౌరవం పొందాలని 1931లో ఒక పండితుడు వాదించాడు. అంతకు 34 ఏళ్ల ముందు మరో పండితుడు మన పిల్లలు పశువుల లెక్కలో పడ్డారని చెప్పడానికి ‘ప్రైస్’ వాడాడు. ఇద్దరూ ఒకే మాట గురించి ఎదురెదురుగా నిలబడ్డారు. ఎవరి సందర్భంలో వారు సరైనవారే.

అనువాదాల్లో రెండు దారులు కనిపిస్తాయి. సి. విజయశ్రీ, టి. విజయ్‌కుమార్ 2002లో వెలువరించిన అనువాదం ‘కన్యాశుల్కం’ అన్న పేరునే ఉంచింది. వెల్చేరు నారాయణరావు 2007లో ‘గర్ల్స్ ఫర్ సేల్’ అని పేరు పెట్టి, మూలనామాన్ని ఉపశీర్షికలోకి జరిపారు. మొదటిది ఎంపికను పాఠకునికి వదిలింది. రెండోది ధైర్యంగా ఎంపిక చేసింది. అందువల్ల విమర్శకు దొరికేది రెండోదే.

ఆ పేరులో ‘గర్ల్’ అన్న మాట చాలా మంచి ఎంపిక అని నా అభిప్రాయం. ‘కన్య’కు ఆంగ్లంలో ‘మెయిడెన్’ ఉంది, ‘వర్జిన్’ ఉంది, సందర్భాన్నిబట్టి ‘డాటర్’ వాడవచ్చు. శాస్త్రపదాలన్నీ ‘బ్రైడ్’తోనే మొదలవుతాయి. ‘బ్రైడ్’ అన్న క్షణంలోనే పెళ్లి ఖాయమైపోయింది, ఆమె పెళ్లికూతురైపోయింది. ఇక సొమ్ము గురించి మాత్రమే మాట్లాడాలి. ‘బ్రైడ్ ప్రైస్’లో మనమంతా ‘ప్రైస్’ను పట్టుకొని తగవులాడుతున్నాం గాని, నాలుగేళ్ల పిల్లను ‘బ్రైడ్’ అనడంలో ఉన్న క్రౌర్యాన్ని పట్టించుకోలేదు. ‘గర్ల్’ ఆమెను పెళ్లికి ముందే పట్టుకుంటుంది. ‘మెయిడెన్’లోని కావ్యధోరణీ ‘వర్జిన్’లోని శరీరప్రస్తావనా లేకుండా, ఆమె చిన్నపిల్ల అన్న సంగతి చెబుతుంది.

‘ఫర్ సేల్’ దగ్గర నాకు అనుమానాలున్నాయి. శుల్కాన్ని అది విక్రయంగా మార్చింది. స్మృతికారుని మాటల్లో చెప్పాలంటే, ఆచరించేవారి మాటను తీసి దూషించేవారి మాట పెట్టింది. గురజాడకు విక్రయమన్న మాట తెలియక కాదు. ఆ తర్వాతి తరంలో కాళ్లకూరి నారాయణరావు కట్నం మీద రాసిన నాటకానికి ‘వరవిక్రయం’ అని పేరు పెట్టారు. ఆ పేరులో తీర్పు ముందే ఉంది. ‘కన్యాశుల్కం’లో లేదు. అది అవధానులు సభలో తలెత్తుకొని పలకగల మాట. శాస్త్రంలో ఉన్న మాట, పెద్దలు వాడిన మాట. అంత మర్యాదైన మాట కింద ఏమి జరుగుతుందో చూపడమే నాటకం చేసిన పని. తెర లేవక ముందే ‘అమ్మకం’ అంటే, ఆ మర్యాదను ఒలిచి చూపే పని ఆంగ్లపాఠకునికి మిగలదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. గురజాడ నాటకాన్ని కేవలం సంఘసంస్కరణ నాటకంగా చదివే అలవాటును అనువాదంతోపాటు ప్రచురించిన తన వ్యాసంలో నారాయణరావు ప్రశ్నించారు. వ్యాసం సంస్కర్త దృష్టిని పక్కకు పెట్టమంటుంది, శీర్షిక సంస్కర్త గొంతుతో పలుకుతుంది. శీర్షికకు విదేశీ పాఠకుణ్ణి పుస్తకం దాకా రప్పించే బాధ్యత ఉంటుందని ఒప్పుకుంటాను. ఆ పేరుకు ఒక లాభం కూడా ఉంది. మూలనామంలో స్ఫురణకు రాని మధురవాణి ఇందులో చేరుతుంది. కొనుగోలు బజారులో తానెక్కడున్నదీ, అగ్రహారపు ఆడపిల్లలెక్కడున్నదీ నాటకంలో అందరికంటే స్పష్టంగా ఎరిగిన మనిషి ఆమె. శుల్కమన్న సంస్కృతపదం పెళ్లికూతురినీ వేశ్యనూ కలిపే పాత అర్థం ‘ఫర్ సేల్’లో అనుకోకుండానే తిరిగి వచ్చింది.

శీర్షికకు ఒక మాట చాలు. నాటకం లోపల చాలదు. అగ్నిహోత్రావధానులు పెద్దకూతురు బుచ్చమ్మను డబ్బుకు కట్టబెట్టి ఆమె వైధవ్యాన్ని ఇంట్లో చూస్తూనే, చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు పద్ధెనిమిది వందలకు కుదుర్చుకుంటాడు. అతని దృష్టిలో ఇది తనకు రావలసిన సొమ్ము. ఆంగ్లంలో ‘డ్యూ’ అనో ‘ఫీ’ అనో అంటే అతని మనసుకు దగ్గరగా ఉంటుంది. రామప్పంతులుకు ఇది బేరం. అక్కడ ‘ప్రైస్’ అన్నా సరిపోదు, ‘డీల్’ అనవలసిందే. సుబ్బి తల్లి వెంకమ్మకు ఇది బిడ్డ గొంతు కోయడం. ఆమె కోణం నుంచి చూస్తే ‘సేల్’ కూడా మెత్తని మాటే. ఒకే సొమ్మును పిలిచే ఈ గొంతుల మధ్య ఘర్షణతోనే నాటకం నడుస్తుంది. అనువాదకుడు పారిభాషిక క్రమశిక్షణ కోసం అందరి నోటా ఒకే ఆంగ్లపదం పలికిస్తే మాట సరిగానే ఉంటుంది, గొంతులు పోతాయి.

కరటకశాస్త్రి ఎత్తు ఇక్కడ మరీ ఉపయోగపడుతుంది. మేనకోడలు సుబ్బిని కాపాడటానికి అతను తన శిష్యునికి ఆడవేషం వేసి లుబ్ధావధానులకు కట్టబెడతాడు. ఆ పెళ్లిలో కన్య అబద్ధం, తండ్రి అబద్ధం, గోత్రనామాలు అబద్ధం. నిజమైనది చేతులు మారిన సొమ్ము ఒక్కటే. ‘బ్రైడ్ వెల్త్’ అన్న మాటకు అవసరమైన బంధుత్వపు ముడి, తరాల మధ్య మైత్రి, పిల్లల వంశనిర్ణయం వీటిలో ఏదీ అక్కడ లేదు. ‘బ్రైడ్’ కూడా లేదు. ఆ ఘట్టానికి ‘బ్రైడ్ వెల్త్’ అని రాసి చూడండి, నవ్వు వస్తుంది. గురజాడ ఉద్దేశించిన నవ్వు మాత్రం అది కాదు. ‘ప్రైస్’ ఒక్కటే అక్కడ నిలుస్తుంది.

ఓలి దగ్గర పరిస్థితి వేరు. 1909లో వచ్చిన తర్‌స్టన్ సంపుటాలు దక్షిణాది కులాల వివాహాలను వర్ణిస్తూ అడుగడుగునా ‘బ్రైడ్ ప్రైస్’ అంటాయి. అందులో చాలాచోట్ల ఆ సొమ్ము కులకట్టు ప్రకారం నిర్ణయమైనది, బేరానికి లోబడనిది. దంపతులు విడిపోయినప్పుడు గాని, ఆమె మారుమనువు చేసుకున్నప్పుడు గాని సొమ్ము తిరిగి ఇచ్చే ఏర్పాటు కొన్ని కులాల్లో ఉంది. పొలంలో, మగ్గం దగ్గర పనిచేసే మనిషి ఒక ఇంటిని వదిలి మరో ఇంటికి పోతోందన్న గుర్తింపు అందులో ఉంది. ఆమె తిరిగి బయటికి రావడానికి దారి కూడా ఉంది. బుచ్చమ్మకు ఆ దారి లేదు. ఓలి నిర్దోషమైనదని నేననడం లేదు, సొమ్ము తండ్రికి చేరిన చోట పిల్ల ఇష్టం ఎంత నిలిచిందో ప్రతి ఊరిలోనూ విడిగా అడగవలసిందే. అయినా తర్‌స్టన్ మాటను యథాతథంగా ఎత్తి రాసే మన పరిశోధకులు, అగ్రహారానికి గురజాడ వేసిన కొరడాను శ్రమజీవుల ఇళ్ల మీద కూడా వేస్తున్నామని గమనించాలి. ఇవాన్స్-ప్రిచర్డ్ అభ్యంతరం తెలుగునేల మీద ఎక్కడైనా చెల్లుతుందంటే ఇక్కడే చెల్లుతుంది.

కన్యాశుల్కం, ఓలి రెండింటినీ తెలుగులో ఒకదానికొకటి పర్యాయపదంగా వాడేస్తుంటాం. ఆంగ్లంలో మాట వెతకవలసి వచ్చేసరికి అవి విడిపోయాయి. ఆంగ్లపదాల మధ్య తేడా తెలుసుకుందామని మొదలుపెట్టిన పనిలో నాకు ముందుగా తెలిసింది మన మాటల మధ్య ఉన్న తేడా.

సంగ్రహాన్ని మళ్లీ రాశాను. నాటకం పేరు వచ్చినచోట ‘శుల్కం’ అనే ఉంచి, దాని అర్థాన్ని ఒక వాక్యంలో వివరించాను. సుబ్బి దగ్గర ‘ప్రైస్’, ఓలి దగ్గర ‘బ్రైడ్ వెల్త్’, వరవిక్రయ ప్రస్తావనలో ‘డౌరీ’ రాశాను. పదిహేను రోజుల తర్వాత, ఒకే విషయానికి ఇన్ని మాటలెందుకు, ఆసాంతం ఒకే పారిభాషికపదం వాడండి అన్న సూచనతో అది తిరిగి వచ్చింది. ఒకే విషయం కాదని రెండు వాక్యాలు జతచేసి, మాటలను అలాగే ఉంచి పంపించాను.